ఆఖరి పది కిలోమీటర్ల బండి: ఒడిశా సరిహద్దు కొండల్లో ఫోర్ వీల్ డ్రైవ్ ఎంపిక

సాలూరు దాటి సుంకి ఘాటు ఎక్కి, పొట్టంగి, సిమిలిగుడల మీదుగా కోరాపుట్ చేరే 26వ నంబరు జాతీయ రహదారి మీద ఏ చిన్న కారైనా నిక్షేపంగా వెళ్తుంది. రాయగడ నుంచి కోరాపుట్, జయపురం, మల్కన్‌గిరి మీదుగా మోటు దాటి చింతూరు వైపు దిగే 326 కూడా తారు రోడ్డే. ఈ జిల్లాల్లో కష్టమంతా రహదారి దిగి బ్లాకు కేంద్రం దాటాక, తారు అయిపోయి ఎర్రమట్టి మొదలైన చోట ఉంటుంది. గుణుపురం నుంచి కొండమీది బడికి వెళ్లే ఉపాధ్యాయుడికైనా, అల్లం, పసుపు, చింతపండు కొనడానికి సంతలు తిరిగే జయపురం వ్యాపారికైనా, మాచ్‌ఖండ్ దగ్గరి ఒనకఢిల్లి గురువారపు సంతకు సరుకు తోలేవారికైనా ప్రయాణంలో తొంభై కిలోమీటర్లు తారు, ఆఖరి పది కిలోమీటర్లు మట్టి. ఆ పది కిలోమీటర్ల కోసం ఫోర్ వీల్ డ్రైవ్ బండి, అంటే నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే బండి కొంటారు. కొన్న తర్వాత మిగతా తొంభై కిలోమీటర్లను పాడుచేసుకునే విధంగా దాన్ని ఇనుముతో నింపుతారు. బండి ఎంపికలోను, సామాను అమరికలోను జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఈ ఒక్కచోటనే పుడుతున్నాయి.

బండి కంటే ముందు నేలను చూడాలి. తూర్పు కనుమల ఈ భాగంలో వాలు మీద ఎర్రమట్టి, లోయల్లో వరిమడుల బంకమట్టి ఉంటాయి. మే నెలలో రాయిలా ఉండే ఎర్రమట్టి నాలుగు వానలు పడేసరికి సబ్బులా తయారవుతుంది. పైన వేలెడు మందం మాత్రమే జారుతుంది, కింద నేల ఇంకా గట్టిగానే ఉంటుంది. అందువల్ల జారుడు పొరను చీల్చుకుని కింది గట్టి నేలను పట్టుకోగల టైరు ఉన్న బండి ముందుకు పోతుంది, లేని బండి ఎంత బలమైన ఇంజను ఉన్నా పక్కకు జారుతుంది. బంకమట్టి సంగతి వేరు. అది టైరు గాళ్లలో నిండిపోయి టైరును నున్నటి గుండ్రాయిలా మార్చేస్తుంది.

వీటికి తోడు ట్రాక్టరు గాళ్లు. దమ్ము కాలంలో ట్రాక్టర్లు తిరిగిన దారిలో రెండు పక్కలా మోకాలి లోతు గాళ్లు పడి, నడుమ మట్టిగట్టు మిగులుతుంది. ట్రాక్టరు ఇరుసు ఎత్తుగా ఉంటుంది గనుక దానికి ఆ గట్టు అడ్డం కాదు. జీపులాంటి బండి ఆ గాళ్లలోకి దిగితే చక్రాలు కిందికి పోతాయి, వెనక ఇరుసు నడుమ ఉండి చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్ గుండు గట్టు మీద కూర్చుంటుంది. నాలుగు చక్రాలూ ఉత్తినే తిరుగుతుంటాయి, బండి మాత్రం కదలదు. కంపెనీలు ప్రకటించే గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకూ బండి అడుగుకూ నడుమ ఎడం) అంకెకు అసలు అర్థం ఇక్కడ తెలుస్తుంది. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కు అది 226 మి.మీ., 2023లో వచ్చిన ఐదు తలుపుల మారుతీ జిమ్నీకి 210 మి.మీ., 2024లో మెరుగుపరచిన ఫోర్స్ గూర్ఖాకు 233 మి.మీ. వీటి మధ్య తేడా రెండు వేళ్ల మందం కూడా లేదు. ఆ తేడా కోసం లక్షలు ఎక్కువ పెట్టడం కంటే గాడిలో దిగకుండా ఒక చక్రాన్ని నడిమి గట్టు మీద, మరో చక్రాన్ని దారి అంచు మీద ఉంచి నడపడం నేర్చుకోవడం మేలు. ఇక్కడి పాత కమాండర్ జీపు డ్రైవర్లు పదిహేను మందిని ఎక్కించుకుని దశాబ్దాల పాటు ఈ దారుల్లో తిరిగింది ఆ నేర్పుతోనే.

ఫోర్ వీల్ డ్రైవ్ అసలు చేసే పని ఏమిటో తెలిస్తే సగం గందరగోళం పోతుంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కంటే ఎక్కువ దూరం తిరగాలి. అందుకు వీలుగా ఒకే ఇరుసు మీది రెండు చక్రాలు వేర్వేరు వేగాలతో తిరిగేలా చేసే పళ్లచక్రాల కూర్పే డిఫరెన్షియల్. దాని బలహీనత కూడా అందులోనే ఉంది. అది రెండు చక్రాలకూ సమానమైన బలాన్నే పంపగలదు గనుక, ఒక చక్రం బురదలో జారి తిరుగుతుంటే ఆ చక్రాన్ని తిప్పడానికి చాలినంత స్వల్పబలమే రెండో చక్రానికీ అందుతుంది. అంటే వెనక చక్రాల మీద నడిచే మామూలు బొలెరో ఒక్క చక్రం బురదలో పడితే ఆగిపోతుంది. ముందు ఇరుసుకు కూడా బలం అందితే బండి సాగే అవకాశం పెరుగుతుంది. అయితే ముందొకటి, వెనకొకటి ఎదురెదురు మూలల్లో చక్రాలు గాలిలో లేచినప్పుడు ఫోర్ వీల్ బండి కూడా నిలిచిపోతుంది. అలాంటి చోట డిఫరెన్షియల్ లాక్ ఉంటేనో, జారే చక్రానికి దానంతట అదే బ్రేకు వేసి ఎదుటి చక్రానికి బలం మళ్లించే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంటేనో బండి కదులుతుంది. గూర్ఖాలో రెండు ఇరుసులకూ చేత్తో వేసే లాకులు కంపెనీ నుంచే వస్తాయి. జిమ్నీ బ్రేకుల సాయంతో ఆ పని చేస్తుంది. బ్రేకుతో జరిగే పని లాకు అంత గట్టిది కాకపోయినా మన దారుల్లో నూటికి తొంభై చోట్ల సరిపోతుంది.

ఎక్కువమంది పట్టించుకోని అసలు గుణం లో రేంజి గేరు. ఇంజను బలాన్ని ముందు వెనక ఇరుసులకు పంచే గేరుపెట్టె అయిన ట్రాన్స్‌ఫర్ కేసులో ‘లో’ వేసినప్పుడు చక్రాలకు చేరే బలం రెండు రెట్లకు పైగా పెరిగి, వేగం ఆ మేరకు తగ్గుతుంది. దీన్ని ఎక్కడానికి వాడేదిగా భావిస్తారు గాని, దిగడానికే ఇది ఎక్కువ అవసరం. తడిసిన ఎర్రమట్టి వాలులో బ్రేకు నొక్కితే చక్రాలు ఆగి బండి జారుడుబల్ల మీద పలకలా పోతుంది. లో రేంజిలో మొదటి గేరు వేసి, క్లచ్ మీది కాలు పూర్తిగా తీసేసి, బ్రేకు జోలికి పోకుండా దిగితే ఇంజనే నాలుగు చక్రాలనూ సమంగా పట్టి ఉంచుతుంది, బండి మనిషి నడక వేగంతో దిగుతుంది. కొత్తవాళ్లకు ఇది చాలా కష్టంగా తోస్తుంది. కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోతుంది. ఎండాకాలంలో పొడి వాలు మీద పదిసార్లు సాధన చేస్తే తప్ప ఆ అలవాటు పోదు. ఇంకొక్క మాట: ఈ తరహా బండ్లలో ముందు వెనక ఇరుసుల నడుమ డిఫరెన్షియల్ ఉండదు గనుక, పొడి తారు మీద ఫోర్ వీల్ వేసి మలుపులు తిరిగితే పళ్లచక్రాల మీద ఒత్తిడి పేరుకుని ట్రాన్స్‌ఫర్ కేసు దెబ్బతింటుంది. మట్టి దిగగానే వేయాలి, తారు ఎక్కగానే తీయాలి.

కొనేటప్పుడు మోడలు పేరు చూసి మోసపోకూడదు. 2023 నుంచి థార్‌లో వెనక చక్రాల మీద మాత్రమే నడిచే రకం కూడా అమ్ముతున్నారు. థార్ రాక్స్‌లో ఫోర్ వీల్ డీజిలుకు మాత్రమే వస్తుంది. ఎత్తుగా, గంభీరంగా కనిపించే ఎస్‌యూవీల్లో అనేకం ముందు చక్రాల మీద నడిచే కార్లే. ఏడాదికి రెండుసార్లు శీతాకాలంలో దేవమాలి చూడటానికి వెళ్లే కుటుంబానికి ఫోర్ వీల్ అవసరమే లేదు. 1,672 మీటర్ల ఆ శిఖరం దాకా ఇప్పుడు రోడ్డుంది. వానాకాలంలో చిత్రకొండ దాటి, 2018లో తెరిచిన గురుప్రియ వంతెన మీదుగా బలిమెల జలాశయం ఆవలి ఊళ్లకు క్రమం తప్పకుండా పోవలసినవారికి మాత్రం అది విలాసం కాదు.

బరువు సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే బండి పనితనాన్ని చివరకు నిర్ణయించేది అదే. జిమ్నీ ఖాళీ బరువు సుమారు 1,200 కిలోలు. మనుషులతో, సామానుతో కలిపి కంపెనీ అనుమతించే మొత్తం బరువు 1,545 కిలోలు. అంటే మోయగలిగేది దాదాపు 340 కిలోలు. సగటున 65 కిలోల చొప్పున నలుగురు కూర్చుంటే 260 పోయింది. మిగిలిన 80 కిలోల్లో ఇరవై లీటర్ల నీటి డబ్బా, బట్టలు, వంట సామాను, పనిముట్లు, జాకీ, తాడు అన్నీ పట్టాలి. ఇప్పుడు ముందు ఇనుప బంపరు, దాని మీద వించి (తాడు చుట్టుకుంటూ దిగబడిన బండిని లాగే యంత్రం), పైన ఇనుప క్యారియరు, దాని మీద రెండో స్టెప్నీ బిగిస్తే ఒక్క మనిషి ఎక్కకముందే వంద కిలోలు దాటిపోతుంది. ఆ వంద కిలోలు ప్రతి గేరులోనూ, ప్రతి బ్రేకులోనూ, ప్రతి బురదగుంటలోనూ వెంట ఉంటాయి. టాపు మీద పెట్టిన బరువు ఇంకా చెడ్డది. పక్కవాలు మీద బండి ఒరిగినప్పుడు అదే బండిని బోర్లా లాగుతుంది. మారుతీ జిప్సీ ఇక్కడి పోలీసు, అటవీ శాఖల్లో అంతకాలం నిలవడానికి ఒక ముఖ్య కారణం దాని బరువు టన్నులోపే ఉండటం. దిగబడినా నలుగురు మనుషులు నెట్టి బయటపడేయగలిగేవారు.

వెడల్పు కూడా లెక్కలోకి రావాలి. జిమ్నీ 1,645 మి.మీ., థార్ 1,820 మి.మీ. కొండవాలు కోసి వేసిన ఒంటి దారిలో ఎదురుగా సంత పికప్ వచ్చినప్పుడు ఆ జానెడు తేడా ఏమిటో అర్థమవుతుంది. మరోవైపు, సరుకు తోలేవారికి జిమ్నీ ఏమాత్రం చాలదు. వారికి బొలెరో క్యాంపర్ ఫోర్ వీల్ రకం, లేదా ఇసుజు వీ-క్రాస్ వంటి పికప్ తగినది. అయితే వెనక తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు పికప్ వెనక చక్రాలకు పట్టు ఉండదని, కమాన్ కట్టలు (ఇరుసు మీది స్ప్రింగు పట్టీలు) ఎగిరెగిరి పడతాయని గుర్తుంచుకోవాలి. రెండు బస్తాల ఇసుక ఇరుసుకు సరిగ్గా పైన వేసుకుంటే చాలా తేడా వస్తుంది.

2020 ఏప్రిల్ నుంచి అమలైన బీఎస్-6 కాలుష్య నిబంధనలతో డీజిలు బండ్లకు మసిని పట్టి కాల్చే ఫిల్టరు వచ్చింది. పట్టిన మసి కాలిపోవాలంటే బండి కొంతసేపు ఆగకుండా ఓ మోస్తరు వేగంతో నడవాలి. రోజూ కొండదారిలో ఐదారు కిలోమీటర్లు పోయి వచ్చే బండికి ఆ అవకాశం దొరకక ఫిల్టరు మూసుకుపోతుంది, హెచ్చరిక దీపం వెలుగుతుంది, బలం తగ్గుతుంది. తక్కువ దూరాలు తిరిగేవారు పెట్రోలు వైపు చూడటం మంచిది. డీజిలే కొంటే వారానికి ఒకసారైనా రహదారి మీద అరగంట నడిపించాలి. మరమ్మతు కూడా అంతే ముఖ్యం. విడిభాగం జయపురంలోనో రాయగడలోనో దొరకకపోతే విశాఖ నుంచో బరంపురం నుంచో రావాలి, ఆ నాలుగు రోజులూ బండి షెడ్డులో ఉంటుంది. మహీంద్రా బండ్లను ఇక్కడ చెట్టుకింద మేస్త్రీ కూడా విప్పగలడు. ఈ ఒక్క కారణంతో మంచి గుణాలున్న విదేశీ బండిని పక్కన పెట్టినా తప్పు లేదు.

సామాను విషయంలో మొదటి రూపాయి టైర్లకే పోవాలి. ఎక్కువ తారు, కొంత మట్టి ఉన్న ఈ జిల్లాలకు తారుకూ మట్టికీ పనికొచ్చే ఆల్ టెరెయిన్ రకం సరైనది. పెద్ద పెద్ద గాళ్లుండే మడ్ టైరు బంకమట్టిని బాగా విదిలించుకుంటుంది గాని, తడిసిన తారు మీద దానికి పట్టు తక్కువ. వానలో సుంకి ఘాటు దిగుతుండగా లారీ వెనక బ్రేకు వేయవలసి వచ్చినప్పుడు ఆ లోపం ప్రాణాల మీదికి తేగలదు. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెల తేదీ చూసి కొనాలి. మొదటి రెండు అంకెలు వారం, తర్వాతి రెండు సంవత్సరం.

టైరు తర్వాత గాలి. పైసా ఖర్చు లేని ఈ సాధనాన్ని ఎవరూ వాడుకోవడం లేదు. రోడ్డు మీద 32 పీఎస్‌ఐ గాలి ఉండే టైరును మట్టి మొదట్లో ఆపి 20కి దించితే, టైరు నేలకు ఆనే జాగా పొడవుగా సాగుతుంది, రాళ్ల మీద మెత్తగా ఒదుగుతుంది, దిగబడటం బాగా తగ్గుతుంది. వాల్వు పిన్ను నొక్కి, గేజితో చూసుకుంటూ నాలుగు చక్రాలకూ గాలి తీయడానికి పది నిమిషాలు పడుతుంది. గాలి తగ్గించాక వేగం కూడా తగ్గాలి. పదునైన రాళ్లున్న చోట టైరు పక్కగోడ ఉబ్బి కోసుకునే ప్రమాదముంది గనుక అక్కడ మరీ దించకూడదు. తిరిగి తారు ఎక్కే ముందు గాలి నింపక తప్పదు, కాబట్టి బ్యాటరీకి తగిలించే చిన్న కంప్రెసరు, మంచి గేజి, పంక్చరు పుల్లల కిట్టు బండిలో ఉండి తీరాలి. వించి లేని బండి పరవాలేదు. గేజి లేని బండి అడవికి పోకూడదు.

దిగబడిన బండిని లాగేటప్పుడు జరిగే ప్రమాదాలు బురద వల్ల జరిగేవాటికంటే ఘోరమైనవి. వాన వెలిసిన సాయంత్రం, వాలు కింద పికప్ ఇరుసు దాకా దిగబడింది అనుకుందాం. ఊళ్లో నుంచి పదిమంది వస్తారు, ఎవరో ట్రాక్టరు తెస్తారు, దొరికిన తాడో గొలుసో బంపరుకు కట్టి ఒక్క ఉదుటున లాగుతారు. బంపరు బోల్టు ఊడితే ఆ ఇనుపముక్క తుపాకీ గుండులా తాడుతో పాటు వెనక్కి వస్తుంది. ట్రెయిలరు తగిలించే ఇనుప గుండుకు తాడు తగిలించి లాగినప్పుడు అది విరిగి మనుషుల్ని చంపిన సంఘటనలు పలు దేశాల్లో ఉన్నాయి. అందువల్ల తాడు ఛాసిస్‌కు బిగించిన కొక్కేనికి మాత్రమే కట్టాలి. సాగే గుణం ఉన్న నైలాన్ తాడును, తాడును కొక్కేనికి కలపడానికి బలం అచ్చువేసి ఉన్న ఇనుప కడియాన్ని (షాకిల్) వాడాలి. తాడు నడుమ తడిపిన గోనెసంచి గాని దుప్పటి గాని వేస్తే తెగినప్పుడు దాని ఊపు చచ్చిపోతుంది. తాడు పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలోపు మనిషి నిలబడకూడదు. సాయానికి వచ్చిన పిల్లల్ని ముందుగా పక్కకు పంపడం డ్రైవరు బాధ్యత.

నిజానికి సగం సందర్భాల్లో లాగే అవసరమే రాదు. పారతో చక్రాల ముందు మట్టి తీసి, డిఫరెన్షియల్ కింద గట్టు తవ్వి, గాలి 15కి దించి, చక్రాల కింద గోనెసంచులు గాని ఎండుగడ్డి గాని వేసి, స్టీరింగు నేరుగా ఉంచి రెండో గేరులో నెమ్మదిగా కదిపితే బండి పైకి వస్తుంది. పార, గడ్డపార, నాలుగు గోనెసంచులు, జాకీ మట్టిలో దిగకుండా కింద వేయడానికి అడుగు వెడల్పు చెక్కపలక: వీటన్నిటి ఖరీదు రెండు వేలు దాటదు. ఒంటరిగా తిరిగేవారికి వించి అవసరమే. అది బండి మొత్తం బరువుకు ఒకటిన్నర రెట్లు లాగగలిగి ఉండాలి. చెట్టుకు కట్టేటప్పుడు వెడల్పాటి పట్టీ వాడకపోతే ఇనుపతాడు బెరడును కోసి చెట్టును చంపుతుంది.

గెడ్డ (కొండవాగు) దాటడం గురించి ఎంత చెప్పినా తక్కువే. కంపెనీలు ఇచ్చే నీటి లోతు అంకెలు, అంటే థార్‌కు 650, గూర్ఖాకు 700 మి.మీ., నిలకడ నీటికి, గట్టి అడుగుకు, నడక వేగానికి సంబంధించినవి. పారే నీటికి అవి వర్తించవు. అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చగలదు, రెండడుగుల ప్రవాహం చాలా బండ్లను కొట్టుకుపోయేలా చేయగలదు. కొండల్లో పడిన వాన గంటలోపే గెడ్డలోకి వస్తుంది. 2017 జూలైలో రాయగడ జిల్లాలో తెరువలి దగ్గర వరద రైలు వంతెననే పడగొట్టింది. కర్ర పట్టుకుని మనిషి నడిచి దాటలేని నీటిలోకి బండిని దించకూడదు. ఎర్రనీరు వస్తూ, చెత్తా పుల్లలూ కొట్టుకొస్తుంటే గెడ్డ ఇంకా పెరుగుతోందని అర్థం. ఒడ్డున ఆగి రెండు గంటలు వేచి ఉండాలి. నీటి మధ్య ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. సిలిండర్లోకి చేరిన నీరు గాలిలా నొక్కుకుపోదు గనుక కనెక్టింగ్ రాడ్ వంగి ఇంజను మొత్తం పోతుంది. స్నార్కెల్ బిగిస్తే ఇంజను గాలి పీల్చే చోటు పైకి జరుగుతుంది, అంతే. ఇరుసుల గాలిగొట్టాలు, వైర్లు, కంప్యూటరు పెట్టె ఉన్నచోటనే ఉంటాయి.

బండికి మార్పులు చేయించేముందు చట్టం చూసుకోవాలి. ముందు బిగించే ఇనుప గార్డులను మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్‌కు విరుద్ధంగా పేర్కొంటూ కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు లేఖ రాసింది. తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చిన బండికి రిజిస్ట్రేషన్ కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. ఎత్తు పెంచే కిట్టు, పెద్ద టైర్లు బిగించిన బండికి ప్రమాదం జరిగితే బీమా విషయంలో చిక్కులు వస్తాయి. రక్షిత అడవిలోకి పోవాలంటే అటవీ శాఖ అనుమతి ఉండాలి. అనుమతి ఉన్నా, తడిసిన మట్టిదారిని సరదా కోసం చీల్చడం అన్యాయం. ఆ గాళ్లలోంచే మర్నాడు గర్భిణిని మోసుకుంటూ అంబులెన్సు రావాలి.

మిగతా సామాను ఎక్కువ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత గజపతి జిల్లా దారుల్లో చెట్లు పడిపోయిన తీరు చూసినవారు చేతి రంపం లేకుండా వానాకాలంలో బయలుదేరరు. సిగ్నలు లేని చోట్లు చాలా ఉన్నాయి గనుక ఏ దారిన పోతున్నదీ, ఎప్పటికి చేరేదీ ఇంట్లో చెప్పి పోవాలి. జిమ్నీ ట్యాంకు 40 లీటర్లు, థార్‌ది 57. లో రేంజిలో మైలేజీ సగానికి పడిపోవచ్చు కాబట్టి జయపురంలోనో మల్కన్‌గిరిలోనో నింపుకున్నాకే లోపలికి దిగాలి. మలేరియా ఉన్న ప్రాంతం గనుక దోమతెర తప్పదు.

తిరిగి వచ్చాక చేయవలసిన పని ఒకటుంది. బ్రేకు డ్రమ్ముల్లో చేరిన ఎర్రమట్టిని ఎండకముందే కడిగించాలి, రేడియేటరు జల్లెడలో ఇరుక్కున్న బురదను మెల్లగా నీళ్లతో తోయాలి. గెడ్డ దాటిన బండి అయితే మర్నాడు పొద్దున, నూనె కింద చేరిన నీరు ఇంకా కలవకముందే, రెండు డిఫరెన్షియళ్ల అడుగు బోల్టులనూ కాస్త వదులు చేసి చూడాలి. ముందు నీటి చుక్కలు వచ్చినా, నూనె పాలు కలిపిన టీ రంగులో ఉన్నా మొత్తం తీసేసి కొత్తది పోయించాలి. అలా చేస్తే కొన్ని వందల రూపాయలతో పోయేది, వదిలేస్తే ఆరు నెలలకు డిఫరెన్షియల్ లోపలి క్రౌన్ చక్రం పళ్లు అరిగి కూత పెట్టేదాకా వస్తుంది.